చలికాలపు సెలవుల ప్రయాణంలో రోజుకొక హైకూ: డైరీని చివరిదాకా నడిపే పద్ధతి

సెలవులకు బయలుదేరే ముందు కొత్త పుస్తకం కొంటారు. మొదటి రెండు రోజులు శ్రద్ధగా రాస్తారు. మూడో రోజున చుట్టాల సందడిలో ఆ పుస్తకం సంచి అడుగుకు చేరుతుంది. తిరుగు రైలులో మిగిలిన రోజులన్నీ జ్ఞాపకం మీద నింపబోతే ప్రతి పేజీలోనూ మంచు, ముగ్గు, పల్లె అందం అన్న మాటలే వస్తాయి. హైకూ, అంటే మూడు పాదాల చిన్న జపనీయ కవిత, రోజుకొకటి రాసే డైరీ ఎలా నడపాలని అడిగేవారిలో చాలామంది చెప్పే ఇబ్బంది ఇదే కనుక, ఏ పని ఎప్పుడు చేయాలో వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణకు సంక్రాంతి సెలవుల పది రోజులను తీసుకుంటాను: హైదరాబాదు నుంచి రాత్రి రైలు, గోదావరి వైపు సొంత ఊరు, పండుగ అయ్యాక మన్యం వైపు రెండు రోజులు, తిరుగు ప్రయాణం. డిసెంబరు సెలవుల్లో వెళ్ళేవారికీ, విదేశాల్లో ఉన్నవారికీ వరుస ఇదే. తేడా వచ్చే చోట విడిగా చెబుతాను.

పద్ధతి మొత్తం ఒక్క విభజన మీద ఆధారపడి ఉంది. చిత్తు వేరు, హైకూ వేరు. చిత్తు పగలు, చూసిన చోటనే, రెండు నిమిషాల్లో రాయాలి. హైకూ రాత్రి, ఆ చిత్తు నుంచి కట్టాలి. ఈ రెండు పనులనూ కలిపివేసి, చూస్తూ చూస్తూనే హైకూ రాయాలని కూర్చున్నవారికి చూపూ దక్కదు, హైకూ దక్కదు.

1. బయలుదేరే ముందు

1.1 పుస్తకం

చొక్కా జేబులో లేదా చేతిసంచి ముందు అరలో పట్టే చిన్న పుస్తకం చాలు. పెద్దది కొంటే దానిని పెట్టెలో పెడతారు, పెట్టెలో పెట్టినది రైలు బెర్తు కింద ఉంటుంది, కావలసినప్పుడు చేతికి అందదు. అట్ట గట్టిగా ఉండాలి, ఎందుకంటే మీరు ఎక్కువసార్లు నిలబడే రాస్తారు.

1.2 పెన్సిలు

చలికాలానికి పెన్సిలే మంచిది. ఒకసారి లంబసింగిలో తెల్లవారుజామున జెల్ పెన్నుతో రాస్తూ, పొగమంచులో కాగితం చెమ్మగిల్లడం గమనించక పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాను. గదికి వచ్చి చూస్తే ఎదురెదురు పేజీల సిరా ఒకదానికొకటి అంటుకుని, రెండు రోజుల చిత్తు నీలం మరకగా మారింది. అప్పటి నుంచి రెండు పెన్సిళ్ళు, ఒక చిన్న చెక్కుడు మర నా వెంట ఉంటాయి.

ఫోనులో రాసేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. రాయడానికి తీసిన ఫోను ముందుగా సందేశాలను చూపిస్తుంది, అవి చూసి వచ్చేసరికి చూసిన దృశ్యం చెదిరిపోతుంది. ఫోను తప్పనిసరి అయితే నెట్ ఆపి, ఒకే ఫైలులో తేదీల వారీగా రాయండి.

1.3 ఋతుపదాల పట్టిక

హైకూలో ఋతువును తెలిపే మాట ఒకటి ఉండడం జపనీయుల ఆచారం. దానిని వారు కిగో అంటారు, అటువంటి మాటలకు ప్రత్యేకంగా కోశాలు కూడా వేసుకున్నారు. మనకు ఆ పని మనమే చేసుకోవాలి. పుస్తకం చివరి పేజీలో, వెళ్ళబోయే ప్రాంతానికి చెందిన చలికాలపు మాటలు ఇరవై రాసుకోండి.

గోదావరి వైపు అయితే తేగలు, కుప్పనూర్పిడి, కొత్త బియ్యం, గొబ్బెమ్మ, హరిదాసు, గంగిరెద్దు, రేగుపళ్ళు, భోగి పిడకల దండ, కోనసీమలో కనుమనాటి ప్రభలు వస్తాయి. మన్యంలో వలిసె పూలు, నెగడు. రాయలసీమలో అనపకాయలు. తెలంగాణలో సకినాలు, గాలిపటాలు, పుష్యమాసపు నాగోబా జాతర. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే మీ పట్టికలో లేనివి కనీసం అయిదు చెబుతారు, వాటిలో కొన్ని ఆ ఊరి మాటలే అయి ఉంటాయి. ఆ అయిదే పట్టికలో విలువైనవి.

ఈ పట్టిక నుంచి మాట తీసి హైకూలో అతికించకూడదు. పట్టిక ఉన్నది చూపును సిద్ధం చేయడానికి మాత్రమే. పేరు తెలిసిన వస్తువు కంటికి ముందుగా ఆనుతుంది.

బయలుదేరే ముందు సరిచూసుకోవలసినవి:

- జేబులో పట్టే పుస్తకం, గట్టి అట్టతో
- రెండు పెన్సిళ్ళు, చెక్కుడు మర
- పుస్తకం తడవకుండా ఒక ప్లాస్టిక్ సంచి
- చిన్న టార్చి, ఎందుకంటే సాయంత్రం ఆరు దాటితే చీకటే
- చివరి పేజీలో ఇరవై ఋతుపదాలు
- మొదటి పేజీలో ప్రయాణపు తేదీలు, ఊళ్ళ పేర్లు

2. పేజీలు ముందే గీసుకోవడం

రోజుకు ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలు కేటాయించండి. ఎడమ పేజీ చిత్తుకు, కుడి పేజీ హైకూకు. పది రోజుల ప్రయాణానికి ఇరవై పేజీల మీద తేదీలు ఇంటి దగ్గరే వేసేయండి. తేదీ వేసి ఉన్న ఖాళీ పేజీ కనబడితే రాయాలన్న సంగతి గుర్తుకు వస్తుంది.

కుడి పేజీలో పైన ఊరు, పూట, చలి ఎలా ఉందో ఒక్క మాట. మధ్యలో హైకూ. కింద సగం పేజీ ఖాళీగా వదలాలి, ఆ ఖాళీ ఎందుకో తొమ్మిదో భాగంలో చెబుతాను.

3. పగలు: మూడు చిత్తులు

రోజుకు మూడు చిత్తులు చాలు: పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పొద్దుగూకే వేళ ఒకటి. మూడూ రాస్తే రాత్రికి ఎంచుకోవడానికి వీలుంటుంది. పది రాస్తే ఎంచుకోవడమే పెద్ద పనై నిద్ర ముంచుకొస్తుంది.

ఒక్కొక్క చిత్తులో నాలుగు సంగతులు ఉండాలి: గడియారం చూసి సమయం, చోటు, కంటి ముందున్న వస్తువు, ఆ వస్తువు చేస్తున్నది లేదా దానికి జరుగుతున్నది. పూర్తి వాక్యాలు అక్కరలేదు. అందమైన, అద్భుతమైన, ఆహ్లాదకరమైన వంటి విశేషణాలు రాయకండి, ఎందుకంటే రాత్రి వాటి నుంచి ఏమీ కట్టలేరు. రంగు, వాసన, చప్పుడు, స్పర్శ, లెక్క రాస్తే కట్టగలరు.

నా పుస్తకంలోని ఒక చిత్తు ఇలా ఉంది: "5.50. ఏలూరు దాటింది. స్లీపర్ బోగీ, అద్దాలు దించి ఉన్నాయి. లోపల చెమ్మ. ఎదుటి బెర్తు పాప వేలితో అడ్డంగా గీసింది. గీతలోంచి తాడిచెట్లు, నల్లగా." ఇందులో ఒక్క భావన కూడా లేదు, అయినా ఆ తెల్లవారుజామును మళ్ళీ నిలబెట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయి.

పండుగ ఇంట్లో తీరిక దొరకదని చాలామంది అంటారు. తీరిక కోసం చూడకుండా, రోజూ తప్పక వచ్చే విరామాలను వాడుకోండి. స్నానాలకు నీళ్ళు కాగుతూ వంతు కోసం కూర్చున్న పది నిమిషాలు, భోజనాల రెండో పంక్తి లేచే వరకు వేచి ఉన్న సమయం, బస్సు కదలక ముందు సీటులో కూర్చున్న సమయం చిత్తుకు సరిగ్గా సరిపోతాయి. అరిసెల పిండి దంచుతున్నప్పుడు, పాకం పడుతున్నప్పుడు పుస్తకం పక్కన పెట్టి చేయి కలపండి. పాకం ముదురుతున్న వాసనను తరువాత రాయవచ్చు, కాని ఆ పనిలో ఉన్నవారికే అది సరిగ్గా తెలుస్తుంది.

ఒక నియమం: ఫొటో తీసేటట్లయితే చిత్తు రాసిన తరువాతే తీయండి. ముందు ఫొటో తీస్తే, రాత్రి మీరు చూసినదాన్ని కాక ఫొటోను వర్ణిస్తారు. ఫొటోలో చలి ఉండదు, వాసన ఉండదు, చట్రానికి బయట దగ్గిన మనిషి ఉండడు.

4. రాత్రి: ఒకదాన్ని ఎంచుకోవడం

పడుకోబోయే ముందు పదిహేను నిమిషాలు తీసుకోండి. మూడు చిత్తులూ చదివి, రాసుకున్న మాటల్లో లేని ఏదో ఒకటి, అంటే ఆ వేళ్ళ చలి లేదా ఆ గొంతు, వెంటనే గుర్తుకు వచ్చిన దానిని ఎంచుకోండి. పెద్ద సంఘటనను ఎంచుకోవాలన్న నియమం లేదు. కోడిపందేల బరి కంటే, ఆ బరికి వెళ్ళే దారిలో కాలువగట్టు మీద ఆరవేసిన చిన్న చొక్కా మంచి హైకూ ఇవ్వవచ్చు.

ఎంపికకు అయిదు నిమిషాలకు మించి తీసుకోకండి. మిగిలిన రెండు చిత్తులూ ఎక్కడికీ పోవు.

5. హైకూ కట్టడం

ఈ పద్ధతిలో ఎక్కువ జాగ్రత్త కావలసిన భాగం ఇదే. నాలుగు పనులు వరుసగా చేయాలి.

5.1 రెండు ముక్కలు చేయడం

హైకూలో మూడు పాదాలున్నా లోపల ఉండేవి రెండు ముక్కలు. ఒక ముక్క ఒక పాదంలో, మరొకటి రెండు పాదాల్లో. ఆ రెంటి మధ్య ఒక తెంపు ఉంటుంది. జపనీయ భాషలో యా, కనా, కెరి వంటి తెంపు పదాలు ఆ పని చేస్తాయి, వాటిని కిరేజి అంటారు. తెలుగులో అటువంటి ప్రత్యేక పదం లేదు కాని, పని సులువుగానే జరుగుతుంది: నామవాచకంతో పాదం ముగించి ఒక గీత పెడితే సరిపోతుంది.

చిత్తులోని సంగతులను రెండు వరుసలుగా రాసుకోండి. పై వరుసలో ఋతువు లేదా చోటు, కింది వరుసలో జరిగినది. ఈ రెంటినీ కలిపే మాటలు, అంటే కనుక, వల్ల, అందుకే, అయినా వంటివి, రాయకండి. కలిపే పని చదివేవారిది.

5.2 క్రియను తగ్గించడం

తెలుగు వాక్యానికి క్రియ చివర వస్తుంది. అలవాటు ప్రకారం రాస్తే మూడో పాదం ప్రతిసారీ "కనిపిస్తున్నాయి", "మెరుస్తోంది", "చల్లారలేదు" అని ముగుస్తుంది. అలా ముగిసిన హైకూ ఒక సమాచారం అందించి ఆగిపోతుంది. మన భాషకు క్రియ లేని వాక్యం కొత్త కాదు. "అది మా ఇల్లు" అన్నప్పుడు క్రియ ఎక్కడుంది? ఆ సౌకర్యాన్ని వాడుకోండి. సమాపక క్రియను కొట్టివేసి చదవండి, అర్థం నిలిస్తే అలాగే ఉంచండి.

5.3 అక్షరాలు లెక్కించడం

మూడు పాదాల్లో వరుసగా 5, 7, 5 ఉండాలన్న లెక్క గురించి ఎక్కువ అడుగుతారు కాబట్టి వివరంగా చెబుతాను. జపనీయులు లెక్కించేది మన అక్షరం కాదు, దాదాపుగా మన మాత్రకు సమానమైన ధ్వనిని. వారి లెక్కలో దీర్ఘానికి రెండు పడతాయి. టోక్యో అన్న పేరు మనకు రెండక్షరాలు, వారికి నాలుగు ధ్వనులు. కనుక తెలుగులో పదిహేడు అక్షరాలు పట్టుకుంటే జపనీయ హైకూ కంటే పొడవైనదే వస్తుంది.

అందువల్ల నా సలహా ఇది: పదిహేడు అక్షరాలను పై హద్దుగా పెట్టుకోండి. పొట్టి పాదం, కొంచెం పొడవు పాదం, పొట్టి పాదం అన్న ఆకారం నిలిస్తే పన్నెండు అక్షరాలైనా చాలు. లెక్క నింపడం కోసం ఒక మాట చేర్చవలసి వస్తే, లెక్కను వదిలేయండి.

లెక్కించేటప్పుడు సంయుక్తాక్షరం ఒకటే, పొల్లు హల్లు ముందరి అక్షరంలో కలుస్తుంది. బస్సు రెండు, సంక్రాంతి మూడు, స్టేషన్ రెండు.

5.4 ఋతుపదం ఒక్కటే

పండుగ రోజుల్లో పొగమంచు, ముగ్గు, గొబ్బెమ్మ, బంతిపువ్వు నాలుగూ ఒకే వాకిట్లో కనబడతాయి. హైకూలో ఒక్కదానినే ఉంచండి. రెండు ఉంటే ఒకదానినొకటి కప్పివేస్తాయి, నాలుగు ఉంటే అది పండుగ శుభాకాంక్షల కార్డు అవుతుంది.

5.5 ఒక హైకూ తయారైన తీరు

చిత్తు ఇది: "భోగి. మధ్యాహ్నం 12.20. మంట వేసిన చోట బూడిద, కోడి గెలుకుతోంది. బాబాయి పుల్లతో కెలికి మేకులు ఏరుతున్నాడు, పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటాయని. తాత చెక్క మంచానివి. ఒకటి చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చన."

ఆ రాత్రి మొదట రాసినది:

భోగిమంటలో తాత మంచం కాలిపోయింది
ఆ జ్ఞాపకాల వేడి మాత్రం
మా గుండెల్లో చల్లారలేదు

ఇందులో చేతిలో పెట్టిన మేకు లేదు. ఉన్నదల్లా మేకు గురించి మేము ఏమనుకోవాలో చెప్పే మాట. చదివేవారికి తాకడానికి ఏమీ మిగలలేదు.

రెండోసారి:

తాత మంచం మేకులు
భోగి బూడిదలో దొరికాయి
ఇంకా వేడిగా ఉన్నాయి

వస్తువు వచ్చింది. అయితే ఇది ఒకే సమాచారం, మూడు పాదాలుగా విరిచి రాసినది. రెండు క్రియలూ వార్త చెబుతున్నాయి. తెంపు లేదు.

మూడోసారి ముందు బూడిదను ఒంటరిగా నిలిపి, అక్కడ తెంచి, క్రియలు తీసివేశాను. "వేడి" అన్న మాట మంటది, చేతిలో తెలిసినది వెచ్చదనం కనుక ఆ మాటా మారింది:

భోగి బూడిద—
తాత మంచం మేకులు
ఇంకా వెచ్చగా

అక్షరాలు సరిగ్గా 5, 7, 5. మాత్రలు లెక్కిస్తే ఇరవై ఏడు, అంటే జపనీయ కొలత కంటే పది ఎక్కువ. అందుకే పదిహేడును పై హద్దు అన్నాను. ఇక్కడ పని చేస్తున్న మాట "ఇంకా". బాబాయిని, కోడిని, పిల్లల కాళ్ళను వదిలేయడం కష్టంగా అనిపించింది, కాని అవి ఎడమ పేజీలో భద్రంగా ఉన్నాయి.

పడుకునే ముందు హైకూను ఇలా సరిచూడండి:

- కంటికి, చెవికి, ముక్కుకు, చేతికి అందే వస్తువు ఉందా?
- తెంపు ఒక్క చోటే ఉందా?
- ఋతుపదం ఒక్కటే ఉందా?
- ఒక్కొక్క మాటను వేలితో మూసి చదివితే, అది లేకపోయినా నిలుస్తోందా? నిలిస్తే ఆ మాట తీసివేయాలి.
- పైకి చదివితే ఒక్క ఊపిరిలో అవుతోందా?

6. "మంచు" అన్న మాటతో జాగ్రత్త

చలికాలపు హైకూలో తెలుగువారికి వచ్చే చిక్కు ఒకటి ఉంది. గడ్డి మీద బొట్టుకూ, గాలిలో తెరకూ, ఆకాశం నుంచి రాలే తెల్లని పొరకూ మనం "మంచు" అనే అంటాం. "మంచు పడుతోంది, తలకు గుడ్డ కట్టుకో" అని మా ఊళ్ళో అమ్మమ్మ అంటే రాత్రి కురిసే తేమ. అదే మాట షికాగో నుంచి మనవడు ఫోనులో అంటే వీధి మూసుకుపోయే హిమపాతం. పది మాటల హైకూలో ఈ సందిగ్ధం ఉంటే చదివేవారు మరో దేశానికి వెళ్ళిపోతారు.

సవరణ సులువు. గడ్డి మీదిదైతే మంచుబొట్టు, తెరైతే పొగమంచు అనండి. రాలే హిమమైతే దాని పక్కన ఒక వస్తువు పెట్టండి: పార, బూట్లు, వీధిలో చల్లిన ఉప్పు. ఆ వస్తువు చోటును చెప్పేస్తుంది.

లంబసింగి దారిలో రాసుకున్నది ఒకటి:

పొగమంచులో
ముందు గంట, తర్వాత
ఎద్దు కొమ్ములు

పొగమంచును వర్ణించకుండా, అది ఏ వరుసలో దేనిని బయటపెట్టిందో చెబితే అది ఎంత దట్టమైనదో తెలుస్తుంది.

విదేశాల్లో ఉన్నవారు ఇంకో సంగతి గమనించాలి. అక్కడి డిసెంబరులో గొబ్బెమ్మను తెచ్చి పెట్టకండి. హీటర్ చప్పుడు, మూడు పొరల చొక్కాలు విప్పే సమయం, నాలుగున్నరకే వెలిగిన వీధిదీపం మీ ఋతుపదాలు. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో ఉన్నవారికి అది ఎండాకాలమే. ఎండనే రాయండి. కంటి ముందు లేని ఋతువును డైరీలో రాస్తే ఆ రోజు తేదీకి అర్థం లేదు.

7. రోజు రకాన్ని బట్టి

7.1 ప్రయాణపు రోజు

గోదావరి వంతెన మీద రైలు మోగగానే అందరూ పుస్తకం తీస్తారు. తీయండి, కాని నదిని రాయకుండా మీ బోగీలో ఒకరిని చూడండి: నాణెం కోసం కొంగుముడి విప్పుతున్న చేతిని, నిద్రలేవని పిల్లవాడి తలను నది వైపు తిప్పుతున్న తండ్రిని. నది ఎలాగూ వస్తుంది.

ఇందాకటి చెమ్మ అద్దం చిత్తు చివరికి ఇలా కుదిరింది:

చెమ్మ కిటికీ—
పాప వేలి గీతలో
తాటితోపులు

విశాఖ నుంచి అరకు వెళ్ళే రైలు దారిలో యాభైకి పైగా సొరంగాలు ఉన్నాయి. హైకూ సాధనకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఒక సొరంగానికీ మరొకదానికీ మధ్య వెలుతురు వచ్చిన కొద్దిసేపు ఒక్క వస్తువును మాత్రమే చూడండి, చీకటి రాగానే దాని పేరు మనసులో అనుకోండి, మళ్ళీ వెలుతురు వచ్చినప్పుడు రాయండి. పది సొరంగాలకు పది వస్తువులు చేరతాయి.

7.2 పండుగ రోజు

పండుగ మూడు రోజులూ సందడి ఎక్కువ, చిత్తు తక్కువ. ఆ రోజుల్లో ఒక్క వాకిలి, లేదా ఒక్క మనిషి, లేదా ఒక్క గిన్నె అని పొద్దున్నే నిర్ణయించుకోండి. రోజంతా దానినే మూడు పూటలా చూడండి. పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి ఏమైందో, రాత్రికి ఏమైందో మూడు చిత్తులు రాస్తే చాలు.

7.3 ఏమీ జరగని రోజు

చలికాలంలో పొగమంచు వల్ల రైళ్ళు ఆగిపోతాయి, బస్సు రాదు, జలుబు చేసి మంచం దిగరు. ఇవి చెడ్డ రోజులు కావు. చూపు కదలడానికి చోటు లేనప్పుడు అది లోతుగా వెళుతుంది. ఒక రాత్రి మా రైలు ఏ ఊరో తెలియని చోట గంటన్నర నిలిచిపోయింది. ఆ పది రోజుల్లో నాకు మిగిలిన మంచి హైకూ ఆ గంటన్నరదే:

ఆగిన రైలు—
చీకటి చేలో ఒక్క
బీడీ వెలుగు

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

8.1 మూడో పాదంలో నీతి

ఇది మనవారిలో బాగా కనబడే పొరపాటు. శతకాల మకుటం చెవిలో ఉండడం వల్ల చివరి పాదం తీర్పు చెప్పాలనిపిస్తుంది. నానీలు రాసే అలవాటున్నవారికి ఇది మరింత గట్టిగా ఉంటుంది, ఎందుకంటే నాలుగు పాదాల నానీలో చివరి మలుపుకు ప్రాధాన్యం ఉంది. అది ఆ ప్రక్రియకు బలం, హైకూకు మాత్రం బరువు. సవరణ: మూడో పాదాన్ని కొట్టివేసి, చిత్తులోంచి మరో వస్తువు తెచ్చి అక్కడ పెట్టండి.

8.2 పోలిక

లాగా, వలె, లాంటి అన్న మాటలు కనబడితే ఆగండి. పోల్చిన రెండు వస్తువుల్లో మీరు నిజంగా చూసినది ఏదో ఒక్కటే. దానిని ఉంచి రెండోదాన్ని తీసివేయండి.

8.3 మనసు, గుండె, జ్ఞాపకం

ఈ మూడు మాటలనూ ప్రయాణం అయ్యేవరకు నిషేధించుకోండి. పది రోజులు ఇవి లేకుండా రాస్తే, ఇంతకాలం ఏ వస్తువుల స్థానంలో వాటిని వాడుతున్నారో తెలుస్తుంది.

8.4 పెద్ద మాటలు

ప్రత్యూషం, హిమబిందువు, శీతపవనం అందమైన మాటలే. అయితే రైలులో మీ పక్కన కూర్చున్నవారు అనే మాటలు కావు. తెల్లవారుజాము, మంచుబొట్టు, చలిగాలి అనండి. చిత్తులో ఏ మాట వచ్చిందో అదే నిలపండి.

8.5 అందరికీ చూపించడం

రాసిన వెంటనే కుటుంబ వాట్సాప్ గుంపులో పెడితే, మరునాటి హైకూ ఆ గుంపు మెచ్చుకోలు కోసం రాస్తారు. ప్రయాణం ముగిసే వరకు ఎవరికీ చూపకండి. తోటి ప్రయాణికుల పేర్లు, వారి ఇంటి కష్టాలు చిత్తులో కూడా రాయకపోవడం మంచిది. "ఎదుటి బెర్తు పాప" అన్నది చాలు.

9. రోజు తప్పితే

తప్పుతుంది. పది రోజుల్లో ఒకటి రెండు తప్పని ప్రయాణం నాకు లేదు. తప్పిన రోజును మరునాడు ఊహించి నింపకండి. చిత్తు ఉంటే హైకూ ఎప్పుడైనా కట్టవచ్చు, కనుక ఎడమ పేజీలో కనీసం ఒక్క పంక్తి ఉండేలా చూసుకోండి. అది కూడా లేకపోతే కుడి పేజీలో ఊరు పేరు, చలి ఎలా ఉందో ఒక్క మాట రాసి, మిగిలినది ఖాళీగా వదిలి ముందుకు వెళ్ళండి.

వరుసగా రెండు రోజులు తప్పితే మూడో రోజు చిత్తులు మూడు కాక ఒక్కటే రాయండి. భారం తగ్గించుకుంటేనే అలవాటు తిరిగి నిలబడుతుంది. నష్టం పూడ్చుకోవాలని ఆరు రాయబోయినవారు నాలుగో రోజున మానేస్తారు.

కుడి పేజీ కింద వదిలిన సగం ఖాళీ ఇప్పుడు పనికి వస్తుంది. మరునాడు పొద్దున, కొత్త చిత్తు రాసే ముందు, నిన్నటి హైకూను ఒక్కసారి చదవండి. మార్చాలనిపిస్తే పై దానిని చెరపకుండా కింద మళ్ళీ రాయండి. రాత్రి పట్టించుకోని అదనపు మాట పొద్దున చలిలో వెంటనే కనబడుతుంది.

10. ఇంటికి వచ్చాక: సాపు ప్రతి

వచ్చిన వెంటనే సాపు చేయకండి. పుస్తకాన్ని మూడు వారాలు పక్కన పెట్టండి. జపనీయ హైకూ కవి బషో 1689లో ఆ దేశపు ఉత్తరాదికి నడిచి వెళ్ళి వచ్చాక ఆ యాత్రా రచనకు తుదిరూపం ఇచ్చినది 1694లో. ఆయన వెంట నడిచిన శిష్యుడు సోరా తన డైరీలో రోజులు, ఊళ్ళు, వానలు రాసుకున్నాడు. రెండూ చాలాచోట్ల ఒకదానితో ఒకటి సరిపోలవు. అంటే సోరాది చిత్తు, బషోది సాపు అనుకోవచ్చు. మీ పుస్తకంలో ఎడమ పేజీ సోరా, కుడి పేజీ బషో.

మూడు వారాల తరువాత వేరే కాగితం మీద ఈ వరుసలో రాయండి:

- పది హైకూలలో పైకి చదివినప్పుడు తడబడనివి ఎంచండి. అయిదు మిగిలితే మంచి ప్రయాణమే.
- ఎంచిన ప్రతిదానికీ పైన రెండు మూడు వాక్యాల గద్యం రాయండి. ఇలా గద్యం, హైకూ కలిసిన రచనను జపనీయులు హైబున్ అంటారు. హైకూలో ఉన్న వస్తువు గద్యంలో రాకూడదు. భోగి బూడిద హైకూకు పైన బాబాయి, కోడి, పిల్లల కాళ్ళు రావచ్చు, మేకు రాకూడదు.
- గద్యం హైకూను వివరిస్తుంటే గద్యాన్ని కొట్టివేయండి.
- వాడని చిత్తులను చింపకండి. నా బీడీ వెలుగు హైకూ ఆ రాత్రి కుదరలేదు. పుస్తకంలో "ఆగింది. చీకటి. ఎవరో బీడీ" అన్న మూడు ముక్కలు మాత్రమే ఉన్నాయి. మార్చి నెలలో, ఫాను కింద కూర్చుని, ఆ చేనును మళ్ళీ చూశాను.